పూర్వపక్షం

మన శాస్త్రగ్రంథాల్లో సిద్ధాంతం చెప్పడానికి ముందు పూర్వపక్షాన్ని వినిపించడం మర్యాద. అమెరికా హైస్కూలు డిబేటు పోటీల్లో ఆ మర్యాదను ఇంకాస్త ముందుకు తీసుకెళ్ళి నియమంగా మార్చేశారు: ఒక రౌండులో ప్రతిపాదనను సమర్థించిన పిల్లలే మరో రౌండులో దాన్ని ఖండించాలి. ఏ పక్షమో ఎంచుకునే స్వేచ్ఛ వాళ్ళకి లేదు.

ఈ వ్యవస్థకు పునాది 1925లో పడింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని రిపన్ కళాశాలకు చెందిన బ్రూనో జేకబ్ నేషనల్ ఫోరెన్సిక్ లీగ్‌ని స్థాపించాడు. 2014లో దాని పేరు నేషనల్ స్పీచ్ అండ్ డిబేట్ అసోసియేషన్‌గా మారింది. దేశాన్ని జిల్లాలుగా విభజించి, జిల్లా స్థాయిలో నెగ్గినవారిని జూన్‌లో జరిగే జాతీయ పోటీకి పంపుతారు. ఏడాది పొడవునా వాదించిన ప్రతి రౌండుకూ సభ్యుల ఖాతాలో పాయింట్లు చేరుతాయి. గెలిస్తే 6, ఓడితే 3. ఓడినవాడికీ మూడు! ఈ లెక్క కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, పిల్లల మనసెరిగినవాడు.

పోటీల్లో చాలా రకాలున్నాయి. మా అమ్మాయి చేరింది పాలసీ డిబేటులో. జట్టుకి ఇద్దరు, ఏడాదంతా దేశం మొత్తానికీ ఒకటే అంశం. వచ్చిన ప్రతిపాదనల్ని ఐదుకి, ఆపైన రెండుకి కుదించి, రాష్ట్రాలు ఓటు వేసి ఒకదాన్ని తేలుస్తాయి. ఒక్కొక్కరూ ఎనిమిదేసి నిమిషాలు వాదించి, మూడు నిమిషాలు ఎదుటివారి ప్రశ్నలకు జవాబిచ్చి, ఆనక ఐదు నిమిషాల్లో ఖండనలు చెయ్యాలి. ఆరితేరిన పిల్లలు ఊపిరి సలపకుండా, దండకం చదివినట్టు చదివేస్తారు. అది నాకు అస్సలు నచ్చదు. వాదమన్నది ఎదుటివాడి చెవికెక్కాలి కదా!

ఇన్ని రౌండ్లకు న్యాయనిర్ణేతలు ఎక్కడినుంచి వస్తారంటారా? తెచ్చిన జట్ల సంఖ్యను బట్టి ప్రతి బడీ కొందరిని వెంట తెచ్చుకోవాలి. అంటే మాబోటి తల్లిదండ్రులు. సొంత బడి పిల్లలకు మాత్రం తీర్పు చెప్పకూడదు.

2018-19లో పాలసీ అంశం: చట్టబద్ధమైన వలసలపై ఉన్న ఆంక్షలను ఫెడరల్ ప్రభుత్వం గణనీయంగా తగ్గించాలి. అప్పటికి మేము గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ళ తరబడి నిలబడి ఉన్నాం. ఒక్కో దేశానికి ఏటా ఏడు శాతానికి మించి ఇవ్వరాదన్న పరిమితి పుణ్యమది. అమ్మాయికి ఇరవై ఒకటి నిండేలోగా మా వంతు రాకపోతే మాతోపాటు తనకు కార్డు రాదు. అలాంటి పిల్ల రాత్రుళ్ళు కూర్చుని, ఆంక్షలు ఎందుకు తగ్గించకూడదో కాగితాలు పోగు చేసేది. "మన పొట్ట మీద మనమే కొట్టుకోవడమా ఇది?" అంది మా ఆవిడ. "అటువైపు నిలబడితేనే కదమ్మా ఇటువైపు చిల్లెక్కడుందో తెలిసేది" అంది అమ్మాయి.

ఒక శనివారం నా ముందుకొచ్చిన రౌండులో సమర్థించే జట్టు కోరింది సరిగ్గా ఆ ఏడు శాతం పరిమితి ఎత్తివేతే. నా గుండె ఎటు మొగ్గిందో చెప్పనక్కరలేదు. ఎదుటి జట్టులో సన్నగా ఉన్న ఓ కుర్రాడు లేచి, "ఉద్యోగాల కోటా ఏటా 1,40,000 దగ్గరే ఉంచి దేశాల పరిమితి తీసేస్తే వరుస తరగదు, ఒకరి నెత్తిమీంచి ఇంకొకరి నెత్తికి మారుతుందంతే" అన్నాడు. చివరి ఖండనలో కూడా దానికి జవాబు రాలేదు. విన్నది విన్నట్టు తూచాలి. ఖండించిన జట్టే గెలిచిందని నమోదు చేసి, కారణం నాలుగు వాక్యాల్లో రాశాను.

ఇంటికొచ్చాక ఆవిడ అంతా విని కాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగింది, "ఇంతకీ ఆ పిల్లలు ఏమని జవాబు చెప్పాల్సింది?" అని. అమ్మాయి లేచి తన కాగితాల కట్ట తెచ్చింది. మొత్తం కోటానే పెంచమనాలా, కుటుంబ సభ్యుల్ని లెక్కలోంచి తప్పించమనాలా అని ముగ్గురం అర్ధరాత్రి దాకా వాదించుకున్నాం.