జీపు మొరాయిస్తే మనమేం చూడాలి?

గ్యాసు పొయ్యి వెలగలేదనుకోండి. వెంటనే రిపేరు మనిషికి కబురు పెడతామా? పెట్టం. సిలిండరు ఖాళీ అయిందేమో కదిపి చూస్తాం. రెగ్యులేటరు తిప్పి చూస్తాం. బర్నరు చిల్లులు పూడిపోయాయేమోనని సూదితో పొడుస్తాం. అవన్నీ అయ్యాకే ఎవరినైనా పిలుస్తాం. మరి వాకిట్లో ఉన్న జీపు స్టార్టు కాకపోతే మాత్రం "మగవాళ్ళు రానీలే" అని అరుగుమీద కూర్చుంటాం. ఎందుకని? అది మన పని కాదని ఎవరు చెప్పారు?

మా ఒంటిమిట్ట వైపు జీపును షోకుకోసం కొనరు. తారురోడ్డు దిగితే చాలు, ఇసుక వంకలు, రాళ్ళబాటలు. కొండల కింద మామిడి తోటలు, బొప్పాయి తోటలు. ఎరువు మూటలు పోవాలన్నా, కాయలు రోడ్డుకు చేరాలన్నా, చైత్రమాసంలో రాత్రిపూట జరిగే కోదండరాముని కల్యాణానికి వచ్చిన చుట్టాల్ని తోటకు తీసుకుపోవాలన్నా అదే దిక్కు. 1947లో మహీంద్రావాళ్ళు అమెరికా విల్లీస్ జీపుల్ని మనదేశంలో బిగించడం మొదలుపెట్టిన నాటినుంచి పల్లెల్లో ఈ బండికి జీపనే పేరు నిలిచిపోయింది. కంపెనీ ఏదైనా మనకు జీపే.

మా ఇంట్లో ఉన్నది పాత డీజిల్ జీపు. రిపేరుకు మెకానిక్ వచ్చినప్పుడల్లా కాఫీ ఇస్తూ అడిగేదాన్ని, "ఇదేంది నాయనా, అదేంది?" అని. "మీకెందుకమ్మా ఇయ్యన్నీ" అని నవ్వుతూనే చెప్పేవాడు. పాల లెక్క రాసే పుస్తకంలో చివరి పేజీల్లో రాసుకునేదాన్ని. ఆ పేజీల్లో ఉన్నవే మీకు చెబుతున్నాను.

బండి కదలాలంటే రెండు దార్లు సవ్యంగా ఉండాలి. ఒకటి కరెంటు దారి, రెండోది డీజిల్ దారి. తాళం తిప్పితే బ్యాటరీ కరెంటుతో సెల్ఫ్ మోటరు ఇంజన్ను తిప్పుతుంది. తిరిగే ఇంజన్ లోపలి గాలిని గట్టిగా నొక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు కింది భాగం వేడెక్కడం చూశారు కదా, అలాగే ఆ గాలి బాగా కాగిపోతుంది. అందులోకి నాజిల్ డీజిల్ చిమ్మగానే భగ్గుమని అంటుకుంటుంది. పెట్రోలు బండికి ఉన్నట్టు నిప్పురవ్వ వేసే ప్లగ్గులు డీజిల్ బండికి ఉండవు. కొన్నింటికి చలిలో వేడి పుట్టించే హీటరు ప్లగ్గులుంటాయి. అలాంటి బండికి తెల్లవారుజామున ఆ గుర్తు దీపం ఆరిపోయేదాకా ఆగి, అప్పుడు సెల్ఫ్ కొట్టాలి.

ఏ దారిలో తేడా వచ్చిందో తెలియాలంటే నాలుగే గుర్తులు: దీపం, హారను, శబ్దం, పొగ.

తాళం తిప్పితే దీపాలే వెలగలేదా, హారను మూగబోయిందా? బ్యాటరీ తీగలు ఊడి ఉండాలి, లేదా పెద్ద ఫీజు పోయి ఉండాలి. దీపాలు వెలిగి, సెల్ఫ్ కొట్టగానే మసకబారి టక్ టక్ మంటోందా? బ్యాటరీ నీరసపడింది, లేదా తీగల బిగువు తప్పింది. దీపాలు చక్కగా వెలుగుతున్నా ఒక్క "టక్" తప్ప ఇంకేం రావడం లేదా? ఇంజన్నుంచి బాడీకి పోయే ఎర్తు తీగ చూడండి. అది బాగుంటే సెల్ఫ్‌లోనే లోపం. అది మెకానిక్ పని.

సెల్ఫ్ హుషారుగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే కరెంటును వదిలేసి డీజిల్ దారి పట్టండి. ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని, మీరు సైలెన్సరు వైపు చూడండి. తెల్లపొగ వస్తోందంటే డీజిల్ చేరుతోంది కానీ మండడం లేదు. అసలు పొగే లేదంటే డీజిల్ లోపలికి రావడం లేదు.

మా దగ్గర ఎక్కువగా వచ్చేది బ్యాటరీ బాధే. ఏప్రిల్, మే నెలల్లో కడప ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి బ్యాటరీలో నీళ్ళు ఇగిరిపోతాయి. మూతలున్న బ్యాటరీ అయితే అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఉప్పదనం ఉన్న బోరు నీళ్ళు పోస్తే బ్యాటరీ త్వరగా చెడిపోతుంది. టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా బూజులాంటి పొడి పేరుకుంటే కరెంటు సరిగా పారదు. ముందు మైనస్ తీగ, తర్వాత ప్లస్ తీగ విప్పాలి. వేడినీళ్ళలో వంటసోడా కలిపి, పాత టూత్ బ్రష్‌తో రుద్దాలి. ఆ నీళ్ళు బ్యాటరీ లోపలికి పోకూడదు. పొడిగుడ్డతో తుడిచి, ముందు ప్లస్, ఆఖరున మైనస్ బిగించి, పైన కాస్త వ్యాజలైన్ పూయండి. ఆ దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు, బీడీ కాల్చనివ్వకూడదు. బ్యాటరీనుంచి వచ్చే గాలి అంటుకుంటుంది.

ఈ సంగతులు ఎంత అవసరమో ఒక రాత్రి తెలిసింది. మావారు ఊళ్ళో లేరు. తోట ఇంట్లో మా అత్తమ్మకు ఉన్నట్టుండి ఆయాసం ఎక్కువైంది. 108 వాళ్ళు వస్తామన్నారు కానీ, వర్షానికి వంక కోసుకుపోయింది, అంబులెన్సు రోడ్డు మీదే ఆగాలి. అక్కడిదాకా ఆమెను చేర్చేది మన జీపే. సేద్యగాడి కొడుకు తాళం తిప్పాడు. దీపాలు ఎర్రబడి ఆరిపోయినంత పనయ్యాయి, టక్ టక్ తప్ప ఏమీ లేదు. "తోద్దామామ్మా?" అన్నాడు. తడి ఇసుకలో ఇద్దరం తోస్తే కదిలే బండా అది? టార్చి పట్టి బానెట్ ఎత్తాను. మైనస్ తీగ క్లాంపును వేళ్ళతో పట్టుకుంటే గిర్రున తిరిగింది, చుట్టూ పచ్చటి పొడి. విప్పి, చీరకొంగుతో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, పానాతో బిగించాను. సెల్ఫ్ ఒక్క ఊపులో అందుకుంది. అత్తమ్మ ఇప్పుడు బాగానే ఉంది. ఆ కొంగుకు మాత్రం యాసిడ్ చిల్లులు పడ్డాయి, పడితే పడనీ.

ఫీజు పోతే అదే ఆంపియర్ల ఫీజే వేయాలి. సిగరెట్ పెట్టెలోని తగరం కాగితం, రాగితీగ చుట్టి పని జరుపుకుంటే తీగలే కాలి బండి అంటుకుంటుంది. తోటల్లో ఎలుకలు కూడా తీగలు కొరుకుతాయి. కొట్టంలో జీపు పక్కన గింజల మూటలు పెట్టకండి.

ఇక డీజిల్ సంగతి. పాత జీపులకు ఇంజన్ ఆపేందుకు లాగే గుబ్బ ఉంటుంది. అది వెనక్కి పోకుండా నిలిచిపోతే డీజిల్ రాదు. ముందు దాన్ని లోపలికి నొక్కి చూడండి. తర్వాత ట్యాంకులో డీజిల్ ఉందా చూడండి, ముల్లును నమ్మకండి. ఎక్కుడులో ఊపు తగ్గి ఆగిపోతుంటే ఫిల్టరు పూడి ఉండవచ్చు. ఫిల్టరు అడుగున స్క్రూ ఉంటే దాన్ని కాస్త వదులు చేసి గాజుసీసాలో పట్టండి. నీళ్ళుంటే అడుక్కి దిగుతాయి, డీజిల్ పైన తేలుతుంది.

డీజిల్ పూర్తిగా అయిపోయి మళ్ళీ పోస్తే గొట్టాల్లో గాలి పట్టుకుంటుంది. ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఫిల్టరు పైనున్న గాలి తీసే స్క్రూ వదులు చేసి, చేతిపంపు నొక్కుతూ ఉండాలి. మొదట బుడగలతో నురగ వస్తుంది. నురగ పోయి డీజిల్ ధారగా వచ్చాక, ధార వస్తుండగానే స్క్రూ బిగించాలి. కింద గుడ్డ పెట్టుకోండి.

ఒక హెచ్చరిక. కొత్త డీజిల్ బళ్ళలో ఇంజన్ దగ్గరి గొట్టాలను ముట్టుకోవద్దు. వాటిలో డీజిల్ ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లు దాటుతుంది, చర్మంలోకి దూసుకుపోతుంది. వాటికి బ్యాటరీ, ఫీజులు చూడటం వరకే మన పని. బండితో ఇచ్చిన పుస్తకం చదవండి. పెట్రోలు బండిలో కూడా పెట్రోలు గొట్టాల జోలికి పోకండి.

మరొకటి, వరద. 2021 నవంబరు 19 తెల్లవారుజామున రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. కింది ఊళ్ళలో ప్రాణాలు పోయాయి, ఇళ్ళు, పశువులు కొట్టుకుపోయాయి. ఎన్నో బళ్ళు బురదలో కూరుకుపోయాయి. మునిగిన బండికి ఆత్రంగా తాళం తిప్పకూడదు. గాలి నలిగినట్టు నీళ్ళు నలగవు, ఇంజన్ లోపలి కడ్డీలు వంగిపోతాయి. బ్యాటరీ మైనస్ తీగ విప్పి పెట్టండి. ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు తిరిగిందంటే నీళ్ళు చేరినట్టే. అలాంటి బండిని మెకానిక్ దగ్గరికి లాక్కుపోవడమే మేలు.

జీపులో ఎప్పుడూ ఉంచాల్సినవి: పది, పన్నెండు, పదమూడు నంబర్ల పానాలు, స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయరు, నాలుగు ఫీజులు, గరుకు కాగితం, పాతగుడ్డ, టార్చి. ఓ బిస్కెట్ డబ్బాలో అన్నీ పడతాయి.

ఆడపిల్లలకు డ్రైవింగ్ నేర్పిస్తున్నాం, సంతోషమే. దాంతోపాటు బానెట్ ఎత్తడం కూడా నేర్పించండి. ఈ ఆదివారం పని ముగిశాక, బండి చల్లగా ఉన్నప్పుడు, పిల్లల్ని పక్కన పెట్టుకుని బ్యాటరీ ఎక్కడుంది, ఫీజుల పెట్టె ఎక్కడుంది, డీజిల్ ఫిల్టరు ఏది అని వెతకండి. పట్టపగలు చూసి పెట్టుకున్నదే అర్ధరాత్రి చేతికి అందుతుంది.