గాలి సంచి కన్నా ఇనప స్ప్రింగే నయం



మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాదు నుంచి సెకండ్ హ్యాండులో కొన్న పెద్ద విదేశీ బండి వేసుకుని కృత్తివెన్ను వచ్చాడు. దానికి స్ప్రింగులు లేవు, గాలి నింపిన రబ్బరు సంచులంట. మీట నొక్కితే బండి పైకి లేస్తది. చెరువు గట్ల మీద పడవలా పోయింది. ఉన్నమాట చెప్పొద్దూ, నేనూ ముచ్చటపడ్డాను.

కనుమ నాటి రాత్రి మా అమ్మకి ఆయాసం వచ్చింది. బందరు తీసుకెళ్దామని బయటికొస్తే బండి వెనక భాగం కూలబడి ఉంది. పంపు గుర్రుమంటదే గాని లేవదు. పక్కింటోళ్ల పాత కమాన్ కట్టల జీపులో ఎగిరెగిరి పడతా వెళ్లాం. అమ్మ దక్కింది.

తర్వాత గుడివాడలో మెకానిక్కు విప్పి చూపించాడు. రబ్బరు మడతల్లో బీటలు. గాలి కారిపోతుంటే పంపు ఆగకుండా తిరిగి కాలిపోయింది. గండి పడ్డ చెరువుకి మోటారు పెట్టినట్టే కదా!

సంచులు తీసేసి నాలుగు పక్కలా ఇనప స్ప్రింగులు వేయించాం. బండి బరువుకి సరిపడేవే వేయాలి. డాష్‌బోర్డులో గాలి హెచ్చరిక లైటు కూడా ఆపించుకోవాలి. ఎత్తు మార్చుకునే వీలు పోయింది, కుదుపూ పెరిగింది. మన ఉప్పుగాలికి ఇనుమూ తుప్పు పడద్ది, అందుకని కింద మంచినీళ్లతో కడుగుతుండాలి.

గాలి సంచుల బండి కొనేవాళ్లు ఒక్క పని చేయండి. రాత్రి నిలిపినప్పుడు నాలుగు పక్కలా ఎత్తు కొలిచి, పొద్దున మళ్లీ కొలవండి. దిగితే గాలి పోతున్నట్టే.

మొన్న ఆ బండెక్కి అమ్మ అంది: "కుదిపితే కుదిపింది లేరా, కదిలింది కదా."