పాలకుల భాష – ప్రజల చదువు

విద్య వివేకదాయిని అని మనం బాల్యంనుండి వింటున్నాము. కాని ఆ విద్య ఏ భాషలో లభిస్తున్నది, ఆ భాష ఎవరి ఇంట పలుకుతున్నది అని విచారించేవారు అరుదు. ఉర్దూ, తెలుగు విభాగాలు ఒకే ఆవరణలో సాగుతున్న మన కళాశాలలో ఇది ప్రతిదినం తరగతిగదిలో ఎదురయ్యే ప్రశ్న.

1835 ఫిబ్రవరిలో మెకాలే తన ప్రసిద్ధ నివేదికను సమర్పించాడు. తనకు సంస్కృతంగాని అరబ్బీగాని రాదని అందులో ఆయనే ఒప్పుకొన్నాడు. అయినప్పటికీ ఆ భాషల విజ్ఞానాన్నంతటినీ తేలికచేసి పలకడానికి ఆయన సంకోచించలేదు. పాలకులకూ ప్రజలకూ నడుమ దుబాసీలుగా మెలగే ఒక వర్గాన్ని తయారుచేయడమే ఆయన ఆశయం. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ప్రభుత్వోద్యోగాలలో ఆంగ్లవిద్యావంతులకు ప్రాధాన్యమిచ్చాడు. చదువుకూ కొలువుకూ ఆనాడు పడిన ముడి నేటికీ వీడలేదు. ఇంట ఇంగ్లీషు వినిపించే పిల్లవానికి పుట్టుకతో సంక్రమించిన సౌకర్యాన్ని మనం 'ప్రతిభ' అంటున్నాము. అది లేనివాని మౌనాన్ని 'మందబుద్ధి' అంటున్నాము.

ఈ ప్రవాహానికి ఎదురీదిన గొప్ప ప్రయత్నం మన హైదరాబాదులోనే జరిగింది. 1917లో అనువాదశాఖ ఏర్పడింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూమాధ్యమంలో బోధన ఆరంభమైంది. చరిత్ర, తత్త్వశాస్త్రాలే గాక, కాలక్రమాన వైద్యం, ఇంజనీరింగు సైతం దేశభాషలో బోధించవచ్చునని ఆ సంస్థ నిరూపించింది. ఉర్దూ విద్యార్థులు దీనికి గర్వించడం న్యాయమే.

అయితే గర్వంతోపాటు ఒక నిజాన్ని కూడ స్మరించాలి. ఆ రాజ్యంలోని ప్రజలలో అత్యధికులు మాట్లాడినది తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు. ఓరుగల్లు పల్లెలోని రైతుబిడ్డకు ఉర్దూ కూడ పాలకుల భాషయే. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో తెలుగులో ప్రసంగించబోయిన ఆలంపల్లి వెంకటరామారావు అవహేళనకు గురైనాడు. ఆ పరాభవంనుండే ఆంధ్రజనసంఘం పుట్టింది. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించాడు. ఇంగ్లీషువలన తాను నష్టపోయిన భాష, మరొక భాషకు అదే నష్టం కలిగించగలదు. నేడు తెలుగు మాధ్యమంలో కూర్చున్న గోండు, లంబాడీ బిడ్డలను తలచుకొంటే తెలుగువారమైన మనకూ ఈ పాఠం వర్తిస్తుంది.

మా ఇంట ప్రార్థన అరబ్బీలో, ముచ్చట్లు ఉర్దూలో, అంగడి బేరాలు తెలుగులో సాగేవి. నేను తెలుగు ఎం.ఏ.లో చేరినప్పుడు, 'ముస్లింవై యుండి తెలుగేమిటి?' అని సహాధ్యాయులు అడిగారు. 'ఉర్దూ ఉండగా తెలుగెందుకు?' అని బంధువులు నొచ్చుకొన్నారు. భాషకు మతాన్ని అంటగట్టడమే ఈ రెండు ప్రశ్నలకూ మూలం. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా తెలుగు పద్యాన్ని తన సొత్తుగా చేసుకొన్నప్పుడు ఆ అనుమానానికి జవాబు లభించింది.

దేశభాషలో పుస్తకం వ్రాసినంతమాత్రాన పని ముగియదు. మొక్కల ఆహారోత్పత్తిని తెలుగు పుస్తకం 'కిరణజన్య సంయోగక్రియ' అంటుంది, ఉర్దూ పుస్తకం 'జియాయీ తాలీఫ్' అంటుంది. రెండు పేర్లూ మన పిల్లలకు కొరుకుడుపడనివే. మన విద్యార్థిని ఒకామె నాతో, "సార్, ఆకు ఎండతో అన్నం వండుకుంటది, అంతే కదా?" అన్నది. ఆమెకు విషయం తెలుసు. పరీక్షాపత్రంలో ఆ మాట వ్రాస్తే మార్కులు రావన్నది కూడ తెలుసు. తెలిసిన విషయాన్ని సొంత మాటలో చెప్పుకోలేని ఈ భయమే వలసపాలన మనకు విడిచిపోయిన వారసత్వం.

అంతమాత్రాన ఇంగ్లీషును త్యజించమని నేననను. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన బడులలో ఆంగ్లమాధ్యమాన్ని తప్పనిసరి చేయ నిశ్చయించింది; ఆ ఉత్తర్వులను 2020లో హైకోర్టు కొట్టివేసింది. ఆ వివాదంలో పలువురు పేద తల్లిదండ్రులు ఇంగ్లీషునే కోరారు. కలవారి పిల్లలను కాన్వెంటుకు పంపుతూ, పేదవానికి మాతృభాషాభిమానాన్ని బోధించడం న్యాయం కాదు. పేదవానికి ఇంగ్లీషు అందాలి. కాని దానికి వెలగా అతని ఆలోచనను, ఆత్మగౌరవాన్ని అడుగరాదు.

కావున కళాశాల కార్యవర్గంవారికి నా మనవి. తరగతిలో విద్యార్థి ఏ భాషలోనైన ప్రశ్న అడిగే స్వేచ్ఛను నియమంగా ప్రకటించండి. ప్రతి పాఠ్యవిషయానికి ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ పారిభాషిక పదాల పట్టికను, పక్కన వాడుకమాటలో వివరణతో సహా, గ్రంథాలయంలో ఉంచండి. దానిని తయారుచేసే పనిని రెండు విభాగాల విద్యార్థులకు కలిపి అప్పగించండి.

విద్యార్థి మిత్రులారా! మీరు ఒకరి లిపిని ఒకరు నేర్చుకొనండి. ఉర్దూ విద్యార్థి తెలుగు అక్షరాలను, తెలుగు విద్యార్థి ఉర్దూ అక్షరాలను దిద్దడానికి ఒక వేసవి సెలవు చాలును. తన భాషను ప్రేమిస్తూ పొరుగువాని భాషను గౌరవించేవాడు ఏ భాషకూ బానిస కాడు, ఏ భాషపేర ఎవరినీ బానిసను చేయడు.