పాత ట్రక్కు మీద నాన్న కట్టిన గది

బోర్డు మీద 'రెండు బై నాలుగు' అని రాసుంది. పెద్దాయన జేబులోంచి టేపు తీసి చెక్కకి ఆనించారు. ఒకటిన్నర అంగుళం. అటు తిప్పి కొలిచారు. మూడున్నర. కళ్లజోడు సవరించుకుని ఇంకో చెక్క లాగారు. అదీ అంతే.

'ఒరేయ్, వీళ్లు పట్టపగలే మోసం చేస్తున్నార్రా!'

మోసం కాదు. అమెరికాలో కలప అమ్మే పద్ధతే అది. దుంగని కోసినప్పటి కొలత పేరుగా నిలిచిపోయింది. ఎండి, చిత్రిక పట్టాక చేతికొచ్చేది ఒకటిన్నర, మూడున్నరే. దేశమంతా అలాగే అమ్ముతారు, అలాగే కొంటారు. కొడుకు అదంతా విడమరిచి చెబితే పెద్దాయన తల పంకించి 'పేరు మాత్రం తగ్గించరన్నమాట' అన్నారు. చెక్కలు తోపుడుబండిలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. ఏ చెక్క వంకర తిరిగిందో, ఏది పగలబోతోందో ఓ చివర కన్ను పెట్టి చూసి ఏరుతుంటే కొడుకు పక్కన నిలబడి చూస్తున్నాడు. నలభై ఆరేళ్ల వయసులో, తండ్రి పని చేస్తుండగా అంత దగ్గర నుంచి చూడటం అతనికి అదే మొదటిసారి.

పెద్దాయనది విజయవాడ. ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా లారీలకు బాడీలు కట్టిన వడ్రంగి. ఆ రోజుల్లో కంపెనీ నుంచి లారీ అంటే వచ్చేది ఇంజిను, చక్రాలు, ఛాసిస్, ముందు మొహం మాత్రమే. డ్రైవరు కూర్చునే కేబిను, సీటు వెనక క్లీనరు నడుం వాల్చే బల్ల, దేవుడి పటానికి చిన్న గూడు... అన్నీ వడ్రంగులే కట్టాలి. కొన్ని వందల కేబిన్లు ఆయన చేతి మీదుగా వెళ్లాయి. తర్వాత్తర్వాత కంపెనీలే కేబిను బిగించి పంపడం మొదలుపెట్టాయి. పని తగ్గింది. ఉలులు, చిత్రికలు గోనెసంచిలో చేరాయి.

ఫిబ్రవరిలో భార్యతో కలిసి డాలస్ శివార్లలోని కొడుకు ఇంటికి వచ్చారు, ఆర్నెల్లు ఉండి వెళ్దామని. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లొచ్చిన ఏ తల్లిదండ్రుల్ని అడిగినా చెబుతారు... మొదటి పదిరోజులూ పండగే. ఆ తర్వాత కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవడు స్కూలుకి. వీధిలోకి వస్తే పలకరించే మనిషుండడు. కారు నడపడం రాకపోతే పాలప్యాకెట్టుకైనా ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. ఆవిడకైతే వంటిల్లుంది. మరి ఈయనకి? ఇంట్లోని తలుపులన్నీ తీసి, వేసి చూసి ఏది పట్టేస్తోందో చెప్పడం మొదటివారంలోనే అయిపోయింది. అలమరాల మరలు బిగించడం రెండోవారంలో.

మూడోవారంలో ఇంటిముందున్న పాత ట్రక్కు సంగతి అడిగారు.

అది 1995 నాటి ఫోర్డ్ ఎఫ్-150 పికప్. ముందు ముగ్గురు కూర్చునే బల్ల సీటు, వెనక ఎనిమిది అడుగుల తొట్టి. ఆ తొట్టిలో చక్రాల గూళ్ల మధ్య జాగా నాలుగడుగులకు కాస్త ఎక్కువ. నాలుగు బై ఎనిమిది ప్లైవుడ్ షీటు పరిస్తే కొలిచినట్టు పడుతుంది. తొట్టిలో చెక్కగది కట్టుకుని, పడక, పొయ్యి పెట్టుకుని దేశం తిరగాలన్నది కొడుకు కోరిక. ట్రక్కు కొని ఏడాదైంది. కంప్యూటర్లో బొమ్మలు గీశాడు. అంతకుమించి ఒక్క చెక్కా కోయలేదు.

అమెరికాలో ఈ పిచ్చి పాతదే. పక్షుల కూతలు అనుకరించి పేరు తెచ్చుకున్న చార్లెస్ కెల్లాగ్ 1917లోనే రెడ్‌వుడ్ మాను దుంగని తొలిచి, నాష్ క్వాడ్ ట్రక్కు మీదికెక్కించి అందులో కాపురం పెట్టాడు. ఆ మహావృక్షాల్ని నరక్కండని ఊరూరా తిరిగి చెప్పాడు. రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో పికప్ మీద గది చేయించుకుని, కుక్కని వెంటేసుకుని దేశం చుట్టొచ్చాడు. ఆ బండి ఇప్పటికీ కాలిఫోర్నియాలోని సలీనాస్‌లో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఉంది. ఫ్యాక్టరీల్లో తయారైన క్యాంపర్లు దొరుకుతాయి కానీ ఖరీదెక్కువ, చాలావాటికి బరువూ ఎక్కువే. అందుకే పాత పికప్ కొని, సెలవురోజుల్లో గ్యారేజీలో సొంతంగా కట్టుకునేవాళ్లు అక్కడ ఊరికి కొందరుంటారు.

మన దగ్గర ఆ సరదా అంత తేలిక కాదు. కంపెనీ ఇచ్చిన నమూనాకి విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పింది. ఇక 'క్యాంపర్' అని మన రోడ్ల మీద తిరిగే బొలెరోలో పడకా ఉండదు, పొయ్యీ ఉండదు. రెండు వరుసల సీట్లూ, వెనక తొట్టీ, అంతే!

కొడుకు బొమ్మలన్నీ చూపించాడు. పెద్దాయన చాలాసేపు చూసి ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

'బానే ఉంది. గ్యారేజీలోంచి బయటికెలా తీస్తావు?'

గ్యారేజీ తలుపు ఎత్తు ఏడడుగులు. ట్రక్కు తొట్టి నేలకి రెండున్నర అడుగుల పైన ఉంటుంది. దానిమీద ఆరడుగుల గది పెడితే? కొడుకు ఆ లెక్కే వేయలేదు. పోనీ బయట కడదామంటే ఇంటిముందు చెక్కలు పేరిస్తే కాలనీ సంఘం నుంచి నోటీసు వస్తుంది. చివరికి గదిని చిన్నచిన్న చక్రాల మీద లోపలే కట్టి, బయటికి తోసి, నాలుగు మూలలా జాకీలతో ఎత్తి, కిందికి ట్రక్కుని వెనక్కి పోనిచ్చేలా ఏర్పాటు ఆలోచించింది పెద్దాయనే. ఆ మర్నాటి నుంచి ఇంట్లో ఆయన గొంతు మారిందని కోడలు గమనించింది. 'మావయ్యగారు ఇవాళ రెండోసారి కాఫీ అడిగారు' అని అత్తగారితో చెప్పి నవ్వింది.

శని, ఆదివారాలు తండ్రీకొడుకులిద్దరూ, మిగతా రోజులు పెద్దాయన ఒక్కరే. మేకులు, మరలు కాదు... ఒక చెక్కకి నాలుక తీసి, ఇంకోదానికి బెజ్జం కొట్టి బిగించే లారీపని. కొడుకు మాత్రం స్నానాలగదిలోని బరువు చూసే మిషను తెచ్చి, ప్రతి చెక్కనీ దానిమీద పెట్టి నోటుపుస్తకంలో రాసుకునేవాడు.

'కూరగాయల్లా ఆ తూకాలేంట్రా?' అని విసుక్కునేవారు పెద్దాయన.

అసలు గొడవంతా ఆ తూకాల్లోనే ఉంది. ట్రక్కు తలుపు దగ్గర ఒక స్టిక్కరుంటుంది. బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి ఎంత మించకూడదో దానిమీద రాసి ఉంటుంది. ఈ బండికి 6,250 పౌన్లు, అంటే సుమారు 2,835 కిలోలు. ట్యాంకు నిండా పెట్రోలుతో, కొడుకు కూర్చుని ఉండగా ఖాళీ బండే రెండువేల కిలోలు తూగింది. తల్లీతండ్రీ, నీళ్లు, వంట సామాను, బట్టలు తీసేస్తే ఐదొందల డెబ్భై చిల్లర మిగులుతుంది. ముప్ఫై ఏళ్ల నాటి బండి, స్ప్రింగులూ బ్రేకులూ ఆ కాలంవే. అందుకని గది నాలుగొందల కిలోలు దాటకూడదని కొడుకు లెక్క.

మార్చి ఆఖరికి నేల, గూడు తయారయ్యాయి. కొడుకు పుస్తకం కూడాడు. నూట తొంభై ఐదు కిలోలు! గోడల్లేవు, పైకప్పు లేదు, తలుపు లేదు.

'నాన్నా, ఇది లారీ కాదు. ఇంత బరువు వద్దు' అన్నాడు.

పెద్దాయన ఏమీ అనలేదు. చేతులు దులుపుకుని లోపలికి వెళ్లిపోయారు. రెండురోజులు గ్యారేజీ వైపు రాలేదు. టీవీ ముందు కూర్చున్నారు కానీ ఏం చూస్తున్నారంటే చెప్పలేకపోయేవారు. కొడుక్కి ఆ రెండు రాత్రులూ నిద్రపట్టలేదు. మూడోరోజు తెల్లవారుజామున కర్ కర్ మని చిత్రిక చప్పుడు. వెళ్లి చూస్తే పెద్దాయన తను కట్టినదాన్ని తనే విప్పేస్తున్నారు.

'లారీ బాడీ పది టన్నులు మోయాలి. ఇది మోయాల్సింది మీ అమ్మనీ నన్నే కదా! ఆ సంగతి నా చేతికి తెలియలేదురా' అన్నారు తలెత్తకుండానే.

ముప్పాతిక అంగుళం ప్లైవుడ్ షీటు ఒక్కటే ముప్ఫై కిలోలదాకా ఉంటుంది. పావు అంగుళంది పది, పదకొండు. నేలకి మధ్యస్తం మందం, గోడలకి పల్చటిది. చెక్కల్ని నిలువునా చీల్చి సగం చేశారు. వాటి మధ్య జాగాలో చలికీ ఎండకీ ఆగే ఫోమ్ పలకలు కోసి ఇరికించారు. పల్చని చెక్కకి కీలు సరిగ్గా కుదరకపోతే ఊగుతుంది. అందుకని మొదటిసారికంటే రెండోసారికే ఎక్కువ రోజులు పట్టింది.

ఆ రోజుల్లోనే ఓ శనివారం చిత్రిక మొండిబారింది. 'ఇది పదును పెట్టడం నాకు నేర్పు' అన్నాడు కొడుకు. పెద్దాయన చెయ్యి ఆగిపోయింది.

చిన్నప్పుడు ఆటోనగర్ షెడ్డు వైపు వస్తే కాళ్లు విరగ్గొడతానని బెదిరించేవారాయన. ఒకసారి రంపం పట్టుకున్నందుకు కొట్టారు కూడా. ఎడమచేతి చూపుడువేలు పై కణుపు రంపంమిషనుకి పోయిన ఏడాదే కొడుకుని ఇంగ్లిషు మీడియంలో చేర్చారు. కొడుకు ఇంజినీరయ్యాడు, విమానమెక్కాడు. తన పని గురించి ఇంట్లో మాట్లాడటం పెద్దాయన ఎప్పుడో మానేశారు. నాన్నకి తనని చూస్తే ఎందుకో చిరాకని కొడుకు చాలా ఏళ్లు అనుకున్నాడు.

'ఇప్పుడు నేర్చుకుని ఏం చేస్తావు?' అన్నారు. అంటూనే సానరాయి మీద నీళ్లు చల్లారు. ఉలిని ఎంత వాలుగా పట్టాలో కొడుకు మణికట్టు పట్టుకుని చూపించారు. ఇద్దరూ ఆ పూట ఇంకేం పని చేయలేదు.

ఆవిడ వాటా తక్కువేం కాదు. డ్రైవరు కేబిను నెత్తిమీదికి పొడుచుకొచ్చే భాగంలో తల్లిదండ్రులకు పడక వేద్దామని కొడుకు బొమ్మలో ఉంది. ఆవిడ ఒక్కసారి తల పైకెత్తి చూసి 'మోకాళ్లతో ఆ అటక నేనెక్కలేను నాయనా, నువ్వే ఎక్కు' అనేసింది. దాంతో కింద లాగితే మంచమయ్యే బల్ల వచ్చింది. ప్రెషర్ కుక్కర్ తూకం వేసి ఒప్పుకున్నారు. గాజు ఆవకాయ జాడీని ఒప్పుకోలేదు. పొయ్యి లోపల వద్దన్నది మాత్రం పెద్దాయనే. గ్యాస్ గాలికంటే బరువు, కారితే నేలకి దిగి అక్కడే నిలుస్తుంది. లారీవాళ్లలా వెనకతలుపు దగ్గర మడిచే బల్ల పెట్టి వంట బయటే చేద్దామన్నారు. సిలిండరుకి విడిగా అర, దాని అడుగున రంధ్రాలు. నీళ్ల క్యాన్లు వెనక ఇరుసుకి ముందువైపే ఉండాలన్నదీ ఆయన మాటే. బరువు వెనక్కి వేలాడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు మరి.

బయటివైపు ప్లైవుడ్ మీద నూలు కాన్వాసు గుడ్డని నీళ్లకి తట్టుకునే జిగురుతో అంటించి, ఆపైన బయటిగోడలకు వేసే రంగు నాలుగు పూతలు పూశారు. అక్కడి ఔత్సాహికులు దీన్ని 'పేదవాడి ఫైబర్‌గ్లాస్' అంటారు. గుడ్డ ముడతపడకుండా అరచేత్తో రాస్తూ పోవాలి. అప్పడాలు ఒత్తిన చెయ్యి కదా, ఆ పని ఆవిడకి ఒదిగినట్టు ఇంకెవరికీ ఒదగలేదు.

మే నెలలో ఓ ఆదివారం గదిని బయటికి తోశారు. తలుపు పైకమ్మీకీ గది నెత్తికీ మధ్య నాలుగువేళ్లు పట్టేంత సందు. జాకీల మీద ఎత్తి, కిందికి ట్రక్కు పోనిచ్చి, నాలుగు మూలలా గొలుసులూ బిగింపు మరలూ వేసేసరికి సాయంత్రమైంది. ఎదురింటాయన తన పచ్చిక కోయడం ఆపి వచ్చి, గది కీళ్ల మీద చెయ్యి వేసి చూశాడు. పెద్దాయనతో కరచాలనం చేశాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

వారంలోనే ప్రయాణం. కోడలికి సెలవు లేదు, మనవడికి పరీక్షలు. ముందు సీట్లో ముగ్గురే. ఊరి బయట ట్రక్కులు ఆగేచోట కాటా ఉంటే ఎక్కించారు. 'ఇక్కడా కాటా ఉందే!' అని పెద్దాయన మురిసిపోయారు. చీటీ చూసి కొడుకు కిలోల్లోకి మార్చాడు. 2,600. గది నాలుగొందలకి బాగా లోపలే ఉందన్నమాట. ఆ చీటీ మడిచి పెద్దాయన చొక్కాజేబులో పెట్టుకున్నారు.

పాలో డ్యూరో లోయ డాలస్‌కి సుమారు ఆరొందల కిలోమీటర్లు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ తర్వాత అదే పెద్దదంటారు. చదునైన నేలలో పోతూ పోతూ ఉండగా ఒక్కసారిగా నేల నోరు తెరిచినట్టు ఎనిమిది వందల అడుగుల లోతున ఎర్రటి గోడలు. దారంతా గంటకోసారి ఆగి గొలుసులు చూసుకుంటూ, లోయ అడుగున బండి ఆపేసరికి పొద్దుగుంకింది. ఆవిడ వెనకబల్ల మీద అన్నం, పప్పు వండింది.

రాత్రి పడక సర్దుతుంటే ఆవిడే అంది. 'అన్ని లారీలు కట్టారు కదండీ, ఒక్కదాంట్లోనైనా పడుకున్నారా ఎప్పుడైనా?'

పెద్దాయన కాసేపు ఆలోచించారు. 'కట్టి ఇచ్చేవాళ్లం. తీసుకుపోయేవాళ్లు' అన్నారు.

రెండు గంటల వేళ ఉరుములు మొదలయ్యాయి. వాన దబదబా కప్పు మీద పడింది. అటక మీద కొడుక్కి మెలకువొచ్చి కిందికి చూస్తే పెద్దాయన టార్చి పట్టుకుని గోడలు తడుముతున్నారు. ఎడమపక్క మూల, పైకప్పు గోడని కలిసేచోట ఒక చుక్క. కాసేపటికి ఇంకోటి.

'పడుకోండి, గ్లాసు పెడతాను' అందావిడ.

ఆవిడ స్టీలు గ్లాసు పెట్టింది. పెద్దాయన చెవి మీది పెన్సిలు తీసి చుక్క కారేచోట చుట్టూ గుండ్రంగా గీత గీశారు. 'ఒరేయ్, పొద్దున్నే జిగురు కావాలి. తెచ్చావా?' అని పైకి అడిగారు.

'తెచ్చాను నాన్నా.'

'గుడ్డముక్క?'

'అదీ ఉంది.'

టార్చి ఆరింది. గ్లాసులో చుక్కల చప్పుడు వింటూ ఎన్ని నిమిషాలకి ఎన్ని పడుతున్నాయో పెద్దాయన లెక్కపెడుతుండగానే కొడుక్కి నిద్రపట్టేసింది.