అడిగి తెచ్చుకున్నవి

మా నాన్నగారు చల్లపల్లిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. డెబ్భై దాటాక తన జ్ఞాపకాలు రాసుకోవాలన్న కోరిక పుట్టింది. చెయ్యి వణుకుతోందంటే, నా పాత కంప్యూటర్లో డెబియన్ లినక్స్ ఎక్కించి, తెలుగు టైపింగ్ నేర్పి వచ్చాను. రెండేళ్లలో నూట ఎనభై పేజీలు కొట్టారు. రాజావారి కోట, మోపిదేవి గుడి, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన... ఆ ఒక్క రాత్రి గురించే నలభై పేజీలు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు, "డిస్కు నిండిపోయిందంటోందిరా, కాస్త చూడు" అన్నారు. హుషారుగా కూర్చున్నాను. చూస్తే భారతీయ భాషలన్నిటి ఫాంట్లూ ఉన్నాయి. బెంగాలీ, గుజరాతీ, ఒరియా... మనకెందుకివన్నీ? వాటిని గంపగుత్తగా తెచ్చే 'ఫాంట్స్-ఇండిక్' అనే ప్యాకేజీని తీసేశాను. ఆ తర్వాత 'ఆటోరిమూవ్' కొట్టాను. ఇక అక్కర్లేనివంటూ ఓ పొడుగాటి జాబితా చూపించి, తీసెయ్యనా అని అడిగింది. అందులో పాత కెర్నెళ్ల పేర్లు కంటబడ్డాయి. అసలు చోటు తినేవి అవే కదా అని, మిగతాది చదవకుండా 'వై' నొక్కేశాను. అవతల అరిసెలు పిలుస్తున్నాయి మరి!

సాయంత్రం నాన్నగారు ఫైలు తెరిచారు. అక్షరాలుండాల్సిన చోట వరసగా ఖాళీ గళ్లు. ఎన్ని పేజీలు తిప్పినా గళ్లే. ఆయన నన్నేమీ అనలేదు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు.

"ఉప్పెన కూడా పోయిందా?" అన్నారు మెల్లగా.

నిజానికి రాత ఎక్కడికీ పోలేదు. ఫైల్లో అక్షరాలు యూనికోడ్ అంకెలుగా భద్రంగానే ఉన్నాయి. వాటికి రూపమిచ్చే ఫాంట్లే పోయాయి. డెబియన్‌లో ప్యాకేజీలను చూసుకునేది 'ఆప్ట్'. మనం పేరుపెట్టి అడిగింది దాని లెక్కలో మాన్యువల్. దానికి తోడుగా తనంతట తాను తెచ్చింది ఆటోమేటిక్. ఈ రెండో రకాన్ని 'ఎక్స్‌టెండెడ్ స్టేట్స్' అనే చిన్న ఫైల్లో గుర్తు పెట్టుకుంటుంది. అక్కడ గుర్తు లేనిదల్లా మనం అడిగినట్టే. రప్పించిన ప్యాకేజీ పోయాక, ఇంకే ప్యాకేజీకీ అవసరం లేని తోడువాళ్లను 'ఆటోరిమూవ్' సాగనంపుతుంది. ఫెడోరా, ఆర్చ్ లినక్స్‌లలోనూ ఇలాంటి పద్దే ఉంది. మంచి ఏర్పాటే, కాదనను. కానీ తెలుగు ఫాంట్లను నేనెప్పుడూ పేరుపెట్టి అడగలేదు. గంపలో వచ్చాయి, గంపతో పోయాయి. రెండేళ్లుగా ఒక పెద్దాయన రోజూ వాటితోనే రాసుకుంటున్నాడన్న సంగతి ఆ పద్దులో ఎక్కడా ఉండదు.

ఇదంతా నాన్నగారికి చెబుతుంటే వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "గేదెను అమ్మినప్పుడు మీరు చేసిందీ ఇదే. దాంతోపాటు కవ్వాన్నీ పాలేరుకి ఇచ్చెయ్యబోయారు. అది గేదె కోసం వచ్చింది కాదండీ, మా పుట్టింటి నుంచి నేనడిగి తెచ్చుకున్నది!"

ఆ కవ్వం ఇప్పటికీ అటక మీదే ఉంది.

ఫోన్‌తో నెట్ కలిపి, ఈసారి 'ఫాంట్స్-తెలు' అని పేరుపెట్టి అడిగాను. పోతన, వేమన, లోహిత్ ఫాంట్లు దిగాయి. ఫైలు మళ్లీ తెరిచేసరికి గళ్లన్నీ అక్షరాలయ్యాయి. నాన్నగారు నేరుగా ఉప్పెన దగ్గరికి వెళ్లి, రెండు పేజీలు లోపల్లోపల చదువుకున్నారు.

అప్పుడుగానీ అడగలేదు, "నువ్వడిగినవాటి జాబితా ఏదిరా?" అని. 'ఆప్ట్-మార్క్ షోమాన్యువల్' కొట్టి చూపించాను. సగం పేర్లు నేనెన్నడూ విననివి. లినక్స్ ఎక్కించిన రోజునే వచ్చి కూర్చున్నవి.

"ఇవి నువ్వడగలేదుగా?"

"లేదండీ. ఆటోమేటిక్ అని గుర్తు పెట్టలేదు గనక నేనే అడిగాననుకుంటోంది."

"అంటే అనుమానమొస్తే ఉంచేస్తుందన్నమాట. నయమే" అంటూ కుర్చీ ముందుకి లాక్కుని, ఆపిన వాక్యం దగ్గర టైపు చెయ్యడం మొదలుపెట్టారు.