తాళం తీసినా ఆగని ఇంజను

మా ఇంటి ముందు వేపచెట్టు నీడలో ఒక పాత మెర్సిడెస్ బెంజి కారు నిలిచి ఉంటుంది. ఆ దారిన పోయే విద్యార్థులు కొందరు దానిని చూచి తమ తెలుగు ఉపన్యాసకుడు సంపన్నుడని తలచినట్లు నా చెవిన పడింది. ఆ భ్రమను తొలగించడం ధర్మమని భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆ కారు మా అబ్బాజాన్‌ది. ఆయన గుంటూరులో ఒక పొగాకు వ్యాపారి వద్ద ఇరవై ఏళ్లకు పైగా డ్రైవరుగా పనిచేశారు. ఆ వ్యాపారి 2003లో కాలం చేశారు. విదేశాలలో స్థిరపడిన కుమారులు ఇల్లూ గోదామూ అమ్ముకొని వెళ్ళిపోతూ, ఎవరూ కొనని ఈ బండిని అబ్బాజాన్ పేర వ్రాసి ఇచ్చారు. 1979 నాటి 240 డి అనే డీజిల్ బండి అది. మన దేశంలో ఇటువంటి బండిని ఐశ్వర్యానికి గుర్తుగా చూచేవారు గాని, అది పుట్టిన జర్మనీలో టాక్సీవాలాలు నడిపినదీ ఇదే. 1976 నుండి 1986 ఆరంభం వరకు అమ్ముడైన ఈ తరగతి బండ్లు దాదాపు 27 లక్షలు. దీనికి ముందు తరానికి చెందిన 240 డి ఒకటి గ్రీసు దేశంలో టాక్సీగా 46 లక్షల కిలోమీటర్లు తిరిగి, 2004లో కంపెనీవారి మ్యూజియం చేరింది. ఇంజను గట్టిదే. వృద్ధాప్యంలో దీనిని బాధించేవి చిన్న చిన్న రుగ్మతలు. వాటిని పెద్ద రోగాలుగా భ్రమించి యజమానులు బండిని తుక్కువానికి తోలుతారు.

ఉదాహరణకు ఫ్యూజులు. ఈ బండిలో అవి పింగాణీ కడ్డీలు. వాటిపై పలుచని లోహపు రేకు బయటకు కనబడుతూ ఉంటుంది. తెల్లనివి 8 ఆంపియర్లకు, ఎర్రనివి 16 ఆంపియర్లకు. వర్షాకాలంలో ఆ రేకు కొసలకు చిలుము పట్టి, ఫ్యూజు కాలకపోయినా కరెంటు అందదు. ఒకనాడు వైపరు ఆగుతుంది, మరొకనాడు ఇండికేటరు వెలగదు. కొత్తవాడు వైపరు మోటారు మార్చమంటాడు. అబ్బాజాన్ బానెట్ ఎత్తి, ఫ్యూజును వ్రేలితో రెండు చుట్లు త్రిప్పేవారు, వైపరు కదిలేది. తరువాత తీరికగా కొసలను శుభ్రం చేసేవారు.

హీటర్ ప్లగ్గుల సంగతీ అంతే. మా బండిలో నాలుగు ప్లగ్గులూ ఒకే వరుసలో, పెళ్లి పందిరికి కట్టే సీరియల్ దీపాల వలె ఉంటాయి. ఒకటి పోతే నాలుగూ చల్లబడతాయి. చలికాలపు ఉదయం ఎంత సెల్ఫ్ కొట్టినా ఇంజను అందుకోదు. అప్పుడు పంపు విప్పనక్కరలేదు. టెస్ట్ ల్యాంపుతో వరుసగా చూచుకొనిపోతే, వెలుగు ఎక్కడ ఆగిందో అక్కడ దోషం దొరుకుతుంది. ఆయిల్ ప్రెషర్ ముల్లు కూడా ఇలాగే భయపెడుతుంది. వేడెక్కిన ఇంజను నిదానంగా నడిచేటప్పుడు అది దిగుతుంది. ఆక్సిలరేటరు తొక్కగానే 3 అంకెకు లేచినట్లయితే కంగారు పడవలసినది లేదు.

అయితే ఉపేక్షింపరానివీ ఉన్నాయి. బ్రేకు గట్టిపడటం, డీజిల్ కారడం, వేడి సూచించే ముల్లు ఎర్రగీత వైపు ప్రాకడం, ఈ మూడింటిలో ఏది కనబడినా బండి అక్కడే ఆపవలెనని అబ్బాజాన్ నియమం.

2023లో ఆ బండికి ఒక వింత రోగం పట్టింది. తాళం త్రిప్పి చేతికి తీసుకొన్నా ఇంజను ఆగదు. నేను భయపడి అక్కడే నిలబడిపోయాను. అప్పటికి అబ్బాజాన్‌కు కంటిచూపు మందగించింది, చేతులు వణుకుతున్నాయి. ఆయన శబ్దాన్నిబట్టి బానెట్ తడిమి, ఇంజను మీదనున్న ఎర్రని మీటను నొక్కారు. ఇంజను ఆగింది. ఇటువంటి వేళ కొరకే తయారుచేసినవారు దానిని అక్కడ పెట్టారట.

మరునాడు ఒక షెడ్డుకు తీసుకొనిపోయాను. అక్కడి మేస్త్రీ ఒక నిమిషం విని, "ఇంజను బోరుకు వచ్చింది, దించాలి" అన్నాడు. అతడు చెప్పిన మొత్తం నా రెండు నెలల జీతం. ఆ సంవత్సరమే ఐదేళ్ల రిజిస్ట్రేషను గడువు కూడా తీరుతున్నది. తనిఖీకి బండి చూపవలె. తుక్కు కొనేవానితో బేరమాడి ఇంటికి వచ్చి, ఆ మాట అబ్బాజాన్‌కు చెప్పాను.

ఆయన కోపగించలేదు. "బేటా, బ్రేకు ఎలా ఉంది?" అని అడిగారు. మెత్తగానే ఉందన్నాను. "తలుపులన్నీ ఒక్కసారే తాళం పడుతున్నాయా?" వెనుక ఎడమ తలుపు పడటం లేదన్నాను. "అయితే రోగం ఇంజనుది కాదు, తలుపుది" అన్నారు.

నాకు నవ్వు వచ్చింది. కాని ఆయన వివరించగా నవ్వు ఆగిపోయింది. ఈ బండిలో ఇంజనుకు అమర్చిన ఒక పంపు గొట్టాలలోని గాలిని పీల్చివేస్తుంది. ఆ పీల్పే బ్రేకుకు సాయం చేస్తుంది, తలుపుల తాళాలను లాగుతుంది, తాళం త్రిప్పినప్పుడు డీజిలును మూసి ఇంజనును ఆపుతుంది. బ్రేకు మెత్తగా ఉన్నదంటే పంపు బాగున్నట్లే. తలుపు లోపలి రబ్బరు పొర చిరిగితే అక్కడ గాలి చొరబడి, ఇంజనును ఆపే బలం చాలదు. "తలుపులకు పోయే గొట్టం ఊడదీసి, మూతి బిగించి చూడు" అన్నారు. అలాగే చేసి తాళం త్రిప్పాను. ఇంజను టక్కున ఆగింది.

తలుపు ప్యాడు విప్పి చూస్తే అరచేతిలో ఇమిడే డయాఫ్రమ్ చిరిగి ఉన్నది. విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాను అంగడిలో దాని జత దొరికింది. ఖర్చు నా ఒకరోజు జీతానికి మించలేదు. తనిఖీనాడు బండి ఆజ్ఞాపించినట్లు ఆగింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చిన్నతనంలో అబ్బాజాన్ ఇదే కారులో ఆ వ్యాపారి పిల్లలను బడికి తీసుకువెళ్లేవారు. నేను ఆ బడికే నడచి వెళ్లేవాడిని. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో నీ తండ్రి ఏమి చేస్తారని ఎవరైనా అడిగితే "వ్యాపారం" అని చెప్పేవాడిని. ఆ అబద్ధానికి కారణం పేదరికమని ఇన్నాళ్లు సర్దిచెప్పుకొన్నాను. ఇంజనును ఆడిపోసుకొన్న మేస్త్రీ వలె నేనూ దోషాన్ని తప్పుచోట వెదికాను. పేదరికం నాలో ఏ లోపమూ కలిగించలేదు. తండ్రి విద్యను విద్యగా చూడలేని నా చూపులోనే చిరుగు ఉన్నది.

ఆ తరువాత కొద్దికాలానికే మా తరగతిలో ఒక విద్యార్థికి హాజరు 75 శాతానికి తగ్గింది. పరీక్షకు అర్హత పోయే స్థితి. "సోమరి" అని వ్రాయడానికి కలం తీశాను. అబ్బాజాన్ ప్రశ్నలు జ్ఞాపకం వచ్చి, ఆ అబ్బాయిని పిలిచి అడిగాను: ఏ గంటకు రావడం లేదు? మొదటి గంటకే. మిగిలినవాటికి వస్తున్నాడు. వాళ్ల ఊరి నుండి వచ్చే ఉదయపు బస్సు వేళ మారిందట. ఆ మాట చెప్పుకోవడానికి అతనికి బిడియం. ప్రిన్సిపాలుగారికి విన్నవించగా ఆ తరగతి వేళను మార్చారు. ఆ విద్యార్థి పరీక్ష వ్రాశాడు.

విద్యార్థి మిత్రులారా! మీ తండ్రి దర్జీ కావచ్చు, మేస్త్రీ కావచ్చు, తోపుడుబండి నడుపువారు కావచ్చు. ఒక సాయంకాలం ఆయన ప్రక్కన కూర్చొని పనిలోని మర్మాన్ని అడగండి. నేను ముప్ఫై ఏళ్లు దాటిన తరువాత అడిగాను. ఇప్పుడు ఆదివారం నాడు బానెట్ ఎత్తేది నేను. అబ్బాజాన్ కుర్చీ వేసుకొని కన్నులు మూసుకొని శబ్దం వింటారు. ఎవరైనా మా తండ్రిగారిని గురించి అడిగితే, ఆయన డ్రైవరని చెబుతున్నాను.