మోదుగ పూవు వెంట

శివపూర్, హౌరా

అక్కా,

చలి తగ్గగానే మన దల్మా కొండల మీద విరగబూసే పలాశం జార్ఖండ్ రాష్ట్ర పుష్పం. మన బాగ్‌బేరా తెలుగిళ్లలో పెద్దవాళ్లకు అదే మోదుగ. పాత పూల అచ్చుబొమ్మలు కూడబెట్టేవాళ్లు మాత్రం దాన్ని వెతికేది కొండ మీద కాదు, ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ మొదటి సంపుటంలో. 1795లో లండన్‌లో మొదలైన ఆ పుస్తకంలో 21వ బొమ్మ మోదుగ, 22వది తీగమోదుగ.

దాన్ని రాసిన విలియం రాక్స్‌బర్గ్ స్కాట్లండ్ వైద్యుడు. 1793లో ఇక్కడి హుగ్లీ ఒడ్డు బొటానికల్ తోటకు అధికారిగా వచ్చి ఇరవై ఏళ్లు ఏలాడు. దేశీ చిత్రకారుల చేత ఆయన గీయించిన 2,500కు పైగా బొమ్మల ప్రతుల్లో ఒకటి ఇక్కడి హెర్బేరియంలో, ఇంకొకటి లండన్ క్యూ తోటలో భద్రంగా ఉన్నాయి. ఈ తోట వైభవం చూసి అందరూ ఆయన్ని కలకత్తా ఖాతాలో వేస్తారు. పని మొదలైంది మాత్రం గోదావరి సీమలో.

సామర్లకోట

అక్కా,

భీమేశ్వరుడి ఊరుగానే ఇది అందరికీ తెలుసు. 1780లలో రాక్స్‌బర్గ్ ఇక్కడ ఈస్టిండియా కంపెనీ డాక్టరు. మిరియాల సాగు ప్రయత్నించాడు, చుట్టుపక్కల మొక్కలు తెప్పించి బొమ్మలు వేయించాడు. అలా కంపెనీకి చేరిన 500 బొమ్మల్లోంచి వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ 300 ఏరాడు. లండన్‌లో వాటిని రాగిరేకుల మీద చెక్కి, అచ్చు తీసి, ఒక్కో కాగితానికీ చేత్తో రంగులద్దారు. మూడో సంపుటం ముగిసేసరికి 1820 వచ్చింది. రాక్స్‌బర్గ్ 1815లోనే పోయాడు.

వివరణల్లో మొక్కల తెలుగు పేర్లున్నాయి. బొమ్మల కింద గీసినవాళ్ల పేర్లు లేవు! ఒక్కో బొమ్మకు వేలం పాడేవాళ్లలో ఎందరికి ఈ సంగతి కంటపడుతుందో.

నీ తమ్ముడి సంచిలో ఇంకా భూతద్దం తప్ప ఏమీ చేరలేదు. అసలు అచ్చుకు, అంచులు కత్తిరించకపోతే, చుట్టూ రాగిరేకు నొక్కిన గుర్తు ఉంటుంది. రంగు అక్కడక్కడ గీత దాటుతుంది. ఈ కాలపు నకలైతే భూతద్దం కింద సన్నటి రంగు చుక్కలు బారులు తీరతాయి. ఫ్రేము విప్పి చూపించనంటే ఆ దుకాణం దిగిపోవడమే మంచిది.

ఇంకో సంగతి. విడి బొమ్మ బజారుకొచ్చిందంటే చాలాసార్లు ఎక్కడో ఒక పుస్తకం కుట్లు విప్పారన్నమాటే. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ సైటులో మొత్తం పుస్తకం ఉచితంగా చూడొచ్చు. ముందు అందులో మన మోదుగను చూడు. ఎప్పుడో విడిపోయిన బొమ్మ దొరికితే కొనుక్కో. కుట్టు చెదరని పుస్తకంలోంచి తీసిస్తామంటే మాత్రం, ఎంత చవకైనా వద్దను.